తొట్టి మీద కంప

పెద్దక్క నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. ఆమె ముందర మాత్రం ఎవరూ అనరు, అంత గుండె ఉన్నవాళ్ళు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. అయితే ఆ ఎండాకాలం ఆమె నోటికి చిక్కినవి మనుషులు కాదు, గోరింకలు. తూర్పున రవంత తెల్లబడగానే పెరట్లో తిట్లు మొదలయ్యేవి.

"మీ నోట్లో మన్ను బడ! మీ గూళ్ళు కాలిపోను! ఊర్లో ఇంగ యాడా దొరకలేదా మీకు? నా పెరడే కావాల్సొచ్చిందా?"

గోరింకలకు సిగ్గుంటే కదా. కంచె మీదికి ఎగిరి కూర్చుని, తిట్లన్నీ అయిపోయేదాకా ఓపిగ్గా ఉండి, ఆమె వీపు తిప్పగానే మళ్ళీ దిగేవి.

పెరడంటే పెద్దదేం కాదు. ఇంటి పక్కన నాలుగు మంచాలు పట్టేంత జాగా. గిన్నెలు తోమిన నీళ్ళు, స్నానం చేసిన నీళ్ళు పోసి టమోటా, మిరప, వంగ, ఒక మూల గోంగూర పెంచుకుంది. మార్చి దాటేసరికి ఒక్క టమోటా కూడా ఎర్రబడి చేతికి రాలేదు. రంగు తిరిగేలోపే పొడిచి, తొలిచి, తొక్క మిగిల్చేవి. మిరప మొలకలను పీకి పక్కన పడేశాయి, తినను కూడా లేదు. కొండ మీది నుంచి దిగిన ఆడ నెమలి ఒకటి వంగమొక్కల మొదళ్ళు గోకి వేళ్ళు బయటపెట్టింది. దాన్ని రాయితో కొడదామంటే ఫారెస్టోళ్ళ కేసు. ఇవన్నీ పెద్దక్క తిడుతూనే ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే, దోస తీగ జోలికి రావడం.

ఆ దోస మామూలు దోస కాదు. నలభై రెండేళ్ళ కిందట గుత్తి దగ్గరున్న పుట్టింటి నుంచి కొంగున ముడేసుకుని తెచ్చుకున్న విత్తనం. పిడికిలంత కాయ, ఒంటి నిండా చారలు. పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. వారానికి రెండు చెంబుల నీళ్ళు చూపిస్తే చాలు, బతికేస్తుంది. కోసి ఉట్టిలో పెడితే ఆర్నెల్లు చెడదు. ఒకప్పుడు వీధిలో ఆడవాళ్ళంతా ఆమె దగ్గరే గింజలు తీసుకునేవాళ్ళు. తీసుకున్నవాళ్ళు కాపు వచ్చాక రెండింతలు తిరిగి ఇవ్వాలి, అది అక్కడి పద్ధతి. తర్వాత అంగట్లో రంగుల పొట్లాల విత్తనాలు వచ్చాయి, అందరూ వాటి వెంట పడ్డారు. పెద్దక్క మాత్రం ప్రతి ఏడూ గింజలను పేడలో పిసికి, బిళ్ళలు చేసి, మట్టిగోడకు కొట్టి ఆరబెట్టేది. పేడలో ఉన్న గింజను పురుగు ముట్టదు, నాలుగేళ్ళయినా మొలుస్తుంది.

రెండేళ్ళ కిందట కాలం కాని కాలంలో మూడు రోజులు వాన పట్టింది. చేలు అడిగినప్పుడు రాని వాన, గోడ పడగొట్టడానికి మాత్రం వచ్చింది. పేడబిళ్ళలతో సహా ఆ గోడ బురదైపోయింది. బురదలో చేతులు పెట్టి దేవులాడితే పెద్దక్కకు పదకొండు గింజలు దొరికాయి. పోయినేడు నాటుదామంటే చుక్క రాలలేదు. ఇంకా దాస్తే చచ్చిపోతాయన్న భయంతో ఈ మాఘంలో, కడిగిన నీళ్ళనే నమ్ముకుని నాటింది. మూడు మొలిచాయి. ఒకదాన్ని రెండాకులప్పుడే గోరింక పీకింది, ఒకటి ఎండకు మాడింది. మిగిలిన ఒక్క తీగకు ఐదు కాయలు పట్టాయి.

విత్తనం కావాలంటే కాయ తీగ మీదే పండాలి, తొడిమె ఎండాలి. అంతదాకా కాపాడటం ఆమె వల్ల కాలేదు. మొగుడి చొక్కా తొడిగి బొమ్మ నిలబెడితే, గోరింకలు దాని భుజం మీద కూర్చున్నాయి. పాత సీడీలు వేలాడదీస్తే రెండు రోజులు బెదిరి, మూడోనాటికి అలవాటు పడ్డాయి. మొదటి కాయ గోరింకల పాలైంది. గంపలు బోర్లించి దాచిన రెండు కాయలను నెమలి ఆ గంపలు తోసేసి పొడిచింది. నాలుగోదానికి పాత చీర గుడ్డ చుట్టి కడితే, ఆ ఎండకు గుడ్డలోనే ఉడికి కుళ్ళిపోయింది. ఆ రోజు పెద్దక్క తిట్టలేదు, కూర్చుని ఏడ్చింది. ఇక మిగిలింది ఒక్క కాయ. అది పోతే ఆ విత్తనం భూమ్మీద లేనట్టే.

గంగప్ప ఆమె మొగుడు. నోరు లేని మనిషి, ఆ ఇంట్లో నోరంతా ఒకరి వాటాకే పోయింది. పొద్దున్నే ఉపాధి పనికి వెళ్ళి మధ్యాహ్నానికి వస్తాడు. ఆ రోజు వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే పెరటి గట్టు మీద కూర్చుని చాలాసేపు పిట్టలను చూశాడు.

"అవి తినేకి రాలేదే," అన్నాడు. "తాగేకి వచ్చినాయి. చూడు, కాయలో రసం పీల్చి కండ ఇడిసిపెట్టినాయి. ఊర్లో నీళ్ళు యాడున్నాయి వాటికి? తొట్టిలో ఒక బిందె పోసినామంటే మన కాయ జోలికి రావు."

"ఒక బిందె! నాలుగు దినాలకొకసారి ట్యాంకరొస్తే ఇంటికి ఆరు బిందెలు. మనం తాగేది మానుకొని నీ గోరింకలకి పోద్దామా? పోయి పుణ్యం కట్టుకో, పో!"

"పోనీ, ఎవురింట్లోనన్నా మన విత్తనం ఉంటాదేమో, అడుగుదామా?"

"నేనా? ఒకరి వాకిట్ల్యా నిలబడి నా విత్తనం నాకు పెట్టమని అడిగేదా? ఎవురూ దాయలేదులే. అందరికీ పొట్లాలే ముద్దు."

నలభై రెండేళ్ళు ఇచ్చిన చేయి అది, చాపడం దానికి రాదు. గంగప్ప లేచి కాళ్ళు కడుక్కున్నాడు. అతని మాటల్లో ఒకటి మాత్రం పెద్దక్క చెవిలో ఉండిపోయింది. తాగేకి వచ్చినాయి.

తొట్టి సంగతి చెప్పాలి. ఇంటి ముందర, కంచెకు ఆనుకుని దారి వైపున ఉండేది. గంగప్ప నాయన ఒంటిరాతిలో తొలిచింది. తన బోరులో నీళ్ళున్నన్నాళ్ళు గంగప్ప పొద్దున్నే దాన్ని నింపి పనికి పోయేవాడు. ఆ వైపు ఊళ్ళల్లో తొట్టిలో పోసిన నీళ్ళు ఇంటివాళ్ళవి కావు, దారిన పోయే జీవాలవి. గొర్రెల కాపరి ఎవరినీ అడగడు, ఇంటి తలుపు వైపు చూడను కూడా చూడడు. కుక్కలు మూతి పెట్టకుండా ఇంటివాళ్ళు దాని మీద ఒక ముళ్ళకంప వేసి ఉంచుతారు. కాపరి వచ్చి కంప తీసి, జీవాలకు తాపి, మళ్ళీ కంప కప్పి పోతాడు. సంక్రాంతికి ముందే బోరు ఎండిపోయింది, అప్పటి నుంచి తొట్టి కూడా ఎండే ఉంది. ఊళ్ళో ఉన్న ఒక్క మంద తిప్పేష్‌ది. గంగప్పకు వరసకు తమ్ముడి కొడుకు. మేత లేక, నీళ్ళు లేక, అతను జనవరిలోనే పెళ్ళాం మల్లీశ్వరిని, జీవాలను తీసుకుని కాలువల వైపు వలస పోయాడు. తొలి వాన పడితే గానీ రాడు.

కాబట్టి పెద్దక్క ఆలోచించకుండా చేసిందని అనడానికి లేదు. బాగానే ఆలోచించింది. మంద ఊళ్ళో లేదు, వీధిలో ఆవూ లేదు. అటక మీద వేరుశనగ నాటినప్పటి పురుగుమందు గుళికలు డబ్బాలో మిగిలి ఉన్నాయి. తాగేకి వచ్చినాయా, తాగనీ. మర్నాడు గంగప్ప పనికి పోగానే తన వాటా నీళ్ళలోంచి ఒక బిందె, తాను తాగాల్సిన బిందె, తొట్టిలో పోసి గుళికలు కలిపింది. కుక్కలేమైనా మూతి పెడతాయేమోనని పైన ఒక కంప కూడా వేసింది. గోరింక దూరుతుంది, కుక్క దూరదు. తెలివైన పనే అనుకుంది. ఆ కంప ఆ ఊళ్ళో ఏం చెబుతుందో నలభై రెండేళ్ళు చూసిన మనిషికి, ఆ పొద్దు దోసకాయ తప్ప ఇంకేమీ గుర్తులేదు.

గంట తిరక్కముందే తొట్టి పక్కన మూడు గోరింకలు కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. పెద్దక్కకు కడుపు చల్లబడింది. ఎందుకు దాచాలి, సంతోషపడింది. బోరు ఎండిన ఐదు నెలల తర్వాత ఆ ఇంట్లో ఒక పని ఆమె అనుకున్నట్టు జరిగింది. ఆ మూడింటిని చేటలో ఎత్తి దూరంగా పారేసి వచ్చి, తీగ దగ్గర కూర్చుని కాయను నిమిరింది. ఒక పక్క పసుపు తిరుగుతోంది. ఇంకో పదిరోజులు చాలు.

పదింటికి ట్యాంకరు హారను వినపడింది. బిందెలు తీసుకుని వీధి చివరికి పోయింది. అప్పటికే ముప్పైమంది వరస. ముందర పక్కింటి సువార్త నిలబడి ఉంది. చర్చిలో పాటలు పాడే పిల్ల, ఇద్దరు పిల్లల తల్లి, పెద్దక్క తిట్లకు కూడా నవ్వే ఒకే ఒక మనిషి.

"ఈ పొద్దు గోరింకల్ని తిట్టలేదేం పెద్దక్కా? నాకు మెలకువే రాలేదు," అంది సువార్త.

"ఇంగ తిట్టే పన్లేదులే," అంది పెద్దక్క.

వరస కదులుతూ ఉంది. ఆమె వంతుకు ఇంకా నలుగురున్నారు. సువార్త తల తిప్పి చెవి ఒగ్గింది.

"తిప్పేష్ జీవాలు వచ్చినట్లుండాయే. గంటలు ఇనిపిస్తాండాయి."

"వాడు వానలకు గానీ రాడు."

"నిన్ననే మల్లీశ్వరి ఫోన్ చేసింది పెద్దక్కా. ఆడ కాలువ కట్టేసినారంట, నీళ్ళు లేవంట. తిరిగొస్తాండామని చెప్పె."

పెద్దక్క చేతిలోంచి బిందె జారి దొర్లింది. ఎవరో "ఏమాయె?" అన్నారు. ఆమె అప్పటికే పరుగెత్తుతోంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసిన మనిషి, చెప్పులు కూడా దారిలో వదిలేసి పరుగెత్తింది.

వీధి మలుపు తిరిగేసరికి తొట్టి చుట్టూ గొర్రెలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలలు దూర్చి తాగుతున్నాయి. కంప తీసి జాగ్రత్తగా కంచెకు ఆనించి ఉంది. తిప్పేష్ కర్ర మీద గడ్డం ఆనించుకుని నిలబడ్డాడు. నడిచి నడిచి మొహం నల్లబడిపోయింది. పెద్దక్కను చూసి తలపాగా తీసి నవ్వాడు.

"పెద్దమ్మా, నువ్వు సల్లగుండాల. రెండు దినాలైంది ఇవి నీళ్ళు తాగి. ఊర్లో ఒక్క తొట్టీ లేదు, నువ్వొక్కదానివే కంప గూడా కప్పి పెట్టింటివి."

"తోలు రా! తాగనీయొద్దు! తోలు, తోలు!" పెద్దక్క మంద మధ్యకు దూరి చేతులతో, కాళ్ళతో గొర్రెలను నెట్టడం మొదలుపెట్టింది. దాహం మీదున్న గొర్రెను మనిషి నెడితే కదులుతుందా?

"ఏం పెద్దమ్మా, ఈ రవంత నీళ్ళకి..." అని తిప్పేష్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అంతలో వెనక నిలబడ్డ పొట్టేలు ముందరి కాళ్ళు మడిచి కూలింది. నోటి నుంచి నురగ. దాని పక్కన ఇంకొకటి వణుకుతూ, తల పైకెత్తి, గొంతు రాక నోరు తెరిచింది. తిప్పేష్ ఒకసారి తొట్టి వైపు చూశాడు, ఒకసారి ఆమె మొహం వైపు చూశాడు.

"గుళికలు కలిపినా," అంది పెద్దక్క. "పిట్టలకని కలిపినా రా."

తిప్పేష్ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేదో. కర్ర పారేసి గొర్రెల నోళ్ళలోకి వేళ్ళు పెట్టి కక్కించాలని ఒకదాని దగ్గరి నుంచి ఇంకొకదాని దగ్గరికి పరుగెత్తాడు. మల్లీశ్వరి నెత్తిమీద మూటతో అప్పుడే వస్తోంది. మూట పడేసి తనకు ఇష్టమైన గొర్రెపిల్లను ఒళ్ళో వేసుకుని కూలబడింది. మండలం ఊరు కొత్తచెరువు నుంచి పశువుల డాక్టరు బండి మీద వచ్చేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. ఉన్న మందంతా సూదులేశాడు. నలభై మూడింటిలో పన్నెండు లేచి నిలబడ్డాయి.

సాయంత్రం ఒకడు ఆటో వేసుకుని వచ్చాడు, చచ్చినవాటిని తక్కువ ధరకు తీసుకుపోతానని. తిప్పేష్ ఆ ఒక్కసారే గట్టిగా అరిచాడు. ఆటో వెనక రాళ్ళు విసిరాడు. ఊళ్ళో మగవాళ్ళంతా చేరి చెరువులో, నీళ్ళు లేని చెరువులో, గుంత తవ్వి ముప్పై ఒక్కటీ పూడ్చారు.

గంగప్ప మధ్యాహ్నం పనినుంచి వచ్చినప్పుడే సంగతి విన్నాడు. ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చి తొట్టిని పగలగొట్టడం మొదలుపెట్టాడు. తన నాయన తొలిచిన రాయి, అంత తేలిగ్గా పగులుతుందా? పొద్దు వాలేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆ దెబ్బలు వింటూ పెద్దక్క ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి లేచి పెరట్లోకి పోయింది. కావలి లేని ఆ పూటలో మిగిలిన గోరింకలు పని ముగించుకుని పోయాయి. తీగకు తొడిమె ఉంది, కింద తొక్క ఉంది, ఒక్క గింజ లేదు.

నాలుగో రోజు మల్లీశ్వరి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు.

"మిగిలినవి అమ్మేసినాం అత్తా. పన్నెండు జీవాలతో మంద కాదు గదా. రేపు బెంగుళూరు పోతాండాం. ఆడ బిల్డింగ్ పని ఉండాదంట."

పెద్దక్క గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"మూడేళ్ళ కిందట నీ తాన దోస గింజలు తీసుకొని పోయింటి. ఆ ఏడే కాపొచ్చె. రెండింతలు ఇయ్యాల గదా, ఇద్దాం ఇద్దామని, జీవాల ఎనక తిరుగుతా మర్చిపోతి. ఊరిడిసి పోయేటప్పుడు ఒకరి విత్తనం పెట్టుకోని పోకూడదు." సంచి గడప మీద పెట్టింది. లోపల నాలుగు పేడబిళ్ళలు, ఎండి గట్టిపడి, విరిగిన ఒక అంచు దగ్గర తెల్లటి గింజల కొనలు. "అన్నీ ఇవే. మాకు ఇంగ నేల యాడుండాది?"

పెద్దక్క బిళ్ళను చేతిలోకి తీసుకుంది.

"ఇవి... యాడుండె?"

"మా ఇంటి గోడమీదనే ఉండె గదత్తా, దారికి కనపడతానే. తాళం గూడా ఏసేపన్లేదు. నువ్వు ఒక్క మాట అడిగింటే, తీసుకోమని ఫోన్లోనే చెప్పేదాన్ని." కొంగు నడుముకు దోపుకుని మల్లీశ్వరి వెళ్ళిపోయింది.

జూన్ నెలాఖరుకు వాన పడింది, మంచి వాన. పెద్దక్క బిళ్ళలు నానబెట్టి గింజలు తీసి నాటింది. ఒక్కటీ వమ్ము కాలేదు. తీగలు పెరడు నిండి కంచె దాకా పాకాయి. పగిలిన తొట్టి ముక్కల మీద కూడా ఒక తీగ ఎక్కింది. భాద్రపదానికి ఏ ఆకు ఎత్తినా కాయే. తొలికాపు కోసినప్పుడు వీధిలో ఇంటికి రెండు పంచడం ఆమె అత్త కాలం నుంచీ ఉన్నదే. గంప నింపుకుని ముందుగా సువార్త ఇంటికే పోయింది. సువార్త వాకిట్లో గిన్నెలు తోముతోంది. లేచి చేతులు తుడుచుకుంది గానీ చాపలేదు. గంప వైపు చూసింది, గంప పట్టుకున్న చేతుల వైపు చూసింది.

"వద్దులే పెద్దక్కా," అంది మెల్లగా. "ఏమనుకోవద్దు. పిల్లోళ్ళు ఉండే ఇల్లు."

పెద్దక్క రెండో ఇంటికి పోలేదు. ఇంటికొచ్చి పప్పులో రెండు కాయలు వేసి వండింది. గంగప్ప కంచం ముందు కూర్చుని, అన్నంలో మజ్జిగ పోసుకుని తిని లేచాడు. పప్పు గిన్నె వైపు చేయి పోలేదు.

కాయలన్నీ తీగ మీదే పండి పగిలాయి. గోరింకలు దిగాయి, నెమలి కూడా వచ్చింది. ఆ ఏడు ఆమె చేతి కాయ తిన్నవి అవే. పెద్దక్క పెరటి గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంది, అదిలించలేదు.